ఆట ఆపించారు, సరే... ఆ తర్వాత?

2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో డెక్కన్ చార్జర్స్ ఐపీఎల్ కప్పు ఎత్తిన రాత్రి హైదరాబాద్ అభిమానులకు ఇంకా గుర్తే. అంతకుముందు ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టు ఫైనల్లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించింది. ఆ మ్యాచ్‌లో 33 పరుగులు చేసి, రెండు కీలక వికెట్లు తీసినవాడు ఆండ్రూ సైమండ్స్. రెండు వారాలైనా గడవకముందే అదే సైమండ్స్‌ను ఆస్ట్రేలియా బోర్డు లండన్‌లో విమానం ఎక్కించి ఇంటికి పంపేసింది. అక్కడ టీ20 ప్రపంచకప్ అప్పుడే మొదలవుతోంది. మద్యం విషయంలో పెట్టిన షరతులు మీరాడన్నది కారణం. ఆస్ట్రేలియా జెర్సీలో అతను మళ్లీ కనిపించలేదు.

ఆటగాడు దారి తప్పాడన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ‘డబ్బు ఎక్కువై కళ్లు నెత్తికెక్కాయి, తన్ని తగిలేయాలి’ అనేది ఒకటి. ‘మ్యాచ్‌లు గెలిపిస్తున్నాడుగా, చిన్నచిన్నవి చూసీ చూడనట్టు పోవాలి’ అనేది రెండోది. ఒకే అభిమాని ఫామ్‌ను బట్టి ఈ రెండూ అనగలడు. నిజానికి సస్పెన్షన్ వేయాలా వద్దా అన్నది తేలికైన ప్రశ్న, రూలు పుస్తకం తిరగేస్తే జవాబు దొరుకుతుంది. సస్పెన్షన్ పడిన మర్నాడు పొద్దున్నే ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి, ఎవరితో మాట్లాడాలి, రోజంతా ఏం చేయాలి? ఇది ఏ రూలు పుస్తకంలోనూ ఉండదు. క్లబ్బయినా, బోర్డయినా, ఫ్రాంచైజీ అయినా వాళ్ల పనితనం తేలేది ఆ ఖాళీ రోజుల్లోనే.

సైమండ్స్ విషయంలో తొలి హెచ్చరిక 2005లోనే వచ్చింది. కార్డిఫ్‌లో బంగ్లాదేశ్‌తో వన్డే ఆడాల్సిన రోజు పొద్దునకి అతనికి రాత్రి తాగిన మత్తు దిగలేదు. జట్టులోంచి తీసేసి, రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఓడిపోవడంతో ప్రపంచమంతా ఆ సంచలనం గురించే మాట్లాడుకుంది, తాగుడు సంగతి పక్కకు పోయింది. తర్వాతి రెండున్నరేళ్లు అతను బాగా ఆడాడు. బాగా ఆడుతున్నవాడిని కూర్చోబెట్టి ‘నీకేమైంది నాయనా’ అని అడగాలని ఎవరికీ తోచదు.

2008 జనవరి సిడ్నీ టెస్ట్ మనకు తెలిసిందే. హర్భజన్ సింగ్ తనను కోతి అన్నాడని సైమండ్స్ ఫిర్యాదు, మ్యాచ్ రిఫరీ మైక్ ప్రాక్టర్ మూడు టెస్టుల నిషేధం, భారత జట్టు పర్యటన ఆగిపోతుందేమోనన్న టెన్షన్, నెలాఖరుకు అప్పీలులో జడ్జి జాన్ హాన్సెన్ నిషేధం ఎత్తేసి మ్యాచ్ ఫీజులో సగం జరిమానాతో సరిపెట్టడం. ఎవరిది తప్పన్నది మన దగ్గర ఇప్పటికీ తెగని వాదన, దాని జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. ఈ వ్యాసానికి కావాల్సింది ఆ తర్వాత జరిగింది. తన సొంత బోర్డే తన వెనక నిలబడలేదని సైమండ్స్‌కు గట్టిగా అనిపించింది. తన పతనం అక్కడే మొదలైందని, తాగుడు అప్పట్నుంచే మితిమీరిందని, తోటి ఆటగాళ్లను ఈ గొడవలోకి లాగానన్న బాధ తనను తినేసిందని పదేళ్ల తర్వాత అతనే చెప్పాడు.

2008 ఆగస్టులో డార్విన్‌లో టీమ్ మీటింగ్ ఉంటే అతను చేపలు పట్టడానికి పోయాడు. బోర్డు ఇంటికి పంపింది, భారత పర్యటనకు తీసుకోలేదు, కౌన్సెలింగ్ ఇప్పించింది. నవంబర్‌లో తిరిగొచ్చాక బ్రిస్బేన్‌లో ఒక పబ్బు దగ్గర గొడవ. 2009 జనవరిలో రేడియోలో నోరు జారినందుకు జరిమానా. చివరికి లండన్.

ఈ వరసను బోర్డు వైపు నుంచి చదివితే, పాపం వాళ్లు చేయాల్సిందంతా చేశారనే అనిపిస్తుంది. హెచ్చరించారు, ఆపారు, చికిత్సకు పంపారు, మళ్లీ అవకాశం ఇచ్చారు. సైమండ్స్ వైపు నుంచి చదివితే ఇంకోలా ఉంటుంది. కౌన్సెలింగ్ ఇప్పించేదీ, తాగకూడదని షరతు రాయించుకునేదీ, షరతు తప్పితే కాంట్రాక్టు చించేదీ ఒకే ఆఫీసు. ఆ ఆఫీసు మీదే అతనికి పీకల్దాకా కోపం. రాత్రి పదకొండింటికి చెయ్యి గ్లాసు మీదికి పోతుంటే అతను ఎవరికి ఫోన్ చేయాలి? చెప్పుకున్న మాటే రేపు ఫైల్లోకి ఎక్కదని నమ్మకమేంటి?

వ్యసనానికి వైద్యం చేసేవాళ్లను అడిగితే, మానేసినవాడు మళ్లీ జారడం ఆ జబ్బులో ఉండేదే అంటారు. ‘ఒక్క చుక్క తాగినా ఆట ఖతం’ అనే షరతు క్రమశిక్షణలాగే కనిపిస్తుంది. జబ్బు ఉన్నవాడికి మాత్రం అది దాచిపెట్టడం నేర్పుతుంది. షరతులు వద్దని దీనర్థం కాదు. ‘వారానికి రెండుసార్లు డాక్టరును కలవాలి, కలవకపోతే చర్య’ అన్నది మనిషి చేయగల పని మీద పెట్టిన షరతు. ‘జారకూడదు’ అన్నది జబ్బు మీద పెట్టిన షరతు. మొదటిదాన్ని తప్పితే శిక్షించవచ్చు. రెండోదాన్ని తప్పినప్పుడు శిక్షిస్తే తర్వాతి ఆటగాడు నోరు విప్పడు.

ఇంగ్లండ్‌లో వృత్తి క్రికెటర్ల సంఘం ఈ ముడిని కొంతవరకు విప్పింది. ఆటగాళ్లకు రహస్య హెల్ప్‌లైన్ పెట్టింది. ఫోన్ చేసినవాడి పేరు కౌంటీకి చేరదు, కోచ్‌కు తెలియదు, సెలక్షన్‌తో సంబంధం లేదు. ఇంత చిన్న ఏర్పాటు వల్ల ఒరిగేదేంటంటే, చెప్పుకునే చోటూ శిక్ష వేసే చోటూ వేరవుతాయి.

ఇక రెండో మాటకు వద్దాం, చూసీ చూడనట్టు పోవడం. పాలిచ్చే ఆవు తన్నినా పడాలని మన పెద్దలన్న సామెత క్రీడల్లో ఎంత బాగా నడుస్తుందో టోనీ ఆడమ్స్ కథ చెబుతుంది. 1990 డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ కెప్టెన్ ఆడమ్స్‌కు తాగి కారు నడిపి ప్రమాదం చేసినందుకు నాలుగు నెలల జైలుశిక్ష పడింది. రెండు నెలలకు బయటికొచ్చాడు. క్లబ్ కెప్టెన్సీ తీసేయలేదు. అభిమానులు చప్పట్లతో స్వాగతం పలికారు. ఆ సీజన్ లీగ్ టైటిల్ కూడా ఆర్సెనల్‌దే. ఇంతకన్నా మద్దతు ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఆడమ్స్ ఆ తర్వాత ఇంకో ఐదేళ్లకు పైగా తాగుతూనే ఉన్నాడు. 1996లో తనంతట తాను మానేసి, తాను మద్యానికి బానిసనని జట్టు సభ్యుల ముందు ఒప్పుకున్నాడు. 1990లో క్లబ్ అతని వెనక నిలబడింది నిజమే. అతని జబ్బును ఎవరైనా పట్టించుకున్నారా అంటే, దానికి ఆ ఐదేళ్లే జవాబు. నిలబడటం వేరు, సాయం చేయడం వేరు. అభిమానంతో కళ్లు మూసుకున్నవాళ్లు చాలాసార్లు మొదటిదాన్నే రెండోది అనుకుంటారు.

మానేశాక ఆడమ్స్ కెప్టెన్‌గా 1998లోనూ 2002లోనూ లీగ్‌నూ ఎఫ్ఏ కప్‌నూ ఒకే సీజన్‌లో గెలిచాడు. 2000లో స్పోర్టింగ్ చాన్స్ అనే చికిత్సా కేంద్రం స్థాపించాడు. వ్యసనాల్లో పడిన ఆటగాళ్లు ఇవాళ్టికీ అక్కడికి వెళ్తారు. తనకు దొరకని చోటును తర్వాతివాళ్ల కోసం తనే కట్టుకున్నాడన్నమాట.

అదే ఆర్సెనల్‌లో ఈ రెండిటికీ మధ్య, 1994 నవంబర్‌లో పాల్ మెర్సన్ మద్యం, కొకైన్, జూదం మూడింటికీ బానిసనని బయటపెట్టాడు. కొకైన్ అంటే నేరం, ఆట నియమాల ప్రకారం గట్టి నిషేధం వేయదగ్గ తప్పు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం అతన్ని చికిత్సకు పంపింది. ఫిబ్రవరికల్లా మళ్లీ మైదానంలో ఉన్నాడు. సంఘం పెద్దల పక్కన కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న అతని ప్రెస్ మీట్ ఆ రోజుల్లో పెద్ద సంచలనం. ఇక్కడితో కథ సుఖాంతం అని రాస్తే అబద్ధమవుతుంది. జూదం తనను ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వదల్లేదని మెర్సన్ చాలాసార్లు చెప్పాడు. ఆరు వారాల చికిత్స అయిపోయింది కదా అని ఫైలు మూసేసే క్లబ్బులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

దీనికి పూర్తిగా ఎదురు కథ పదేళ్ల తర్వాత లండన్‌లోని మరో క్లబ్ చెల్సీలో నడిచింది. రొమేనియా ఫార్వర్డ్ అడ్రియన్ ముటు 2004లో కొకైన్ పరీక్షలో దొరికాడు. ఏడు నెలల నిషేధం పడింది. చెల్సీ అప్పటికే అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. అక్కడితో ఊరుకోలేదు, అతన్ని కొనడానికి పెట్టిన డబ్బు నష్టపోయామని కేసు వేసింది. ఫిఫా 2008లో 1.7 కోట్ల యూరోలకు పైగా కట్టమంది. ముటు స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లాడు, ఓడిపోయాడు. చివరికి యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా పోయాడు, 2018లో అక్కడా ఓడిపోయాడు. తీసేసి పద్నాలుగేళ్లు గడిచాయి, ఆటగాడిగా రిటైర్ కూడా అయిపోయాడు, కేసు మాత్రం వదల్లేదు. చట్టం చెల్సీ వైపే ఉంది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ తీర్పు చదివిన మరో క్లబ్ ఆటగాడు, ముక్కు దగ్గర పొడి పెట్టుకుని కూర్చున్నవాడు, రేపు పొద్దున తన మేనేజరు దగ్గరికెళ్లి నిజం చెబుతాడా? ముటు 2010లో ఇటలీ క్లబ్ ఫియొరెంటినాలో ఉండగా మరో నిషిద్ధ మందు పరీక్షలో దొరికి మళ్లీ నిషేధం పాలయ్యాడు కూడా. తీసేయడం వల్ల చెల్సీ సమస్య తీరింది, ముటు సమస్య ఇంకో క్లబ్బుకు మారింది.

ఖాళీ రోజులను ఎలా నింపాలో చూపిన పాత ఉదాహరణ ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ ఎరిక్ కాంటోనా. 1995 జనవరి 25న క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో రెడ్ కార్డు తిని బయటికి నడుస్తూ, తనను తిట్టిన ప్రేక్షకుణ్ని అడ్డుగోడ మీదుగా ఎగిరి తన్నాడు. అతని క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ వెంటనే అతన్ని ఆ సీజన్ మొత్తం ఆడకుండా ఆపేసి జరిమానా వేసింది. ఫుట్‌బాల్ సంఘం దాన్ని సెప్టెంబర్ చివరి దాకా పొడిగించింది. కోర్టు మొదట రెండు వారాల జైలు వేస్తే, అప్పీలులో అది 120 గంటల సమాజ సేవగా మారింది. ఆ గంటలు అతను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ గడిపాడు. శిక్షలు వేసేవాళ్లు ఎప్పుడైనా తెలివిగా ఆలోచిస్తే ఇలాగే ఉంటుంది. బంతికి దూరం కాలేదు, కానీ బంతితో చేసే పని మారింది.

ఆగస్టులో ఇంకో మలుపు వచ్చింది. తలుపులు మూసుకుని ఆడిన ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో కాంటోనా ఆడాడని సంఘం అభ్యంతరం చెప్పింది. విసిగిపోయి ప్యారిస్ వెళ్లిపోయాడు, ఇక ఇంగ్లండ్‌కు రానన్నాడు. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ స్వయంగా ప్యారిస్ వెళ్లి, ఒక రెస్టారెంట్‌లో కూర్చుని మాట్లాడి, తిరిగి రావడానికి ఒప్పించాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్ల మీద కేకలేయడంలో పేరుమోసిన మనిషి చేసిన పని ఇది. అక్టోబర్ 1న లివర్‌పూల్ మీద కాంటోనా తిరిగొచ్చాడు, ఆ సీజన్‌లో యునైటెడ్ లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ కొట్టింది. గెలవకపోయినా ఆ ప్యారిస్ ప్రయాణం సరైనదే. అయితే ఫెర్గూసన్ ఇదే పని ఒక మామూలు రిజర్వ్ ఆటగాడి కోసం చేసేవాడా? పాలివ్వని ఆవు కోసం విమానం ఎక్కిన మేనేజర్ల కథలు అరుదు. సాయం చేసే పద్ధతి కాగితం మీద రాసి ఉండాలనడానికి ఇదే కారణం. మేనేజరు మంచితనం మీద వదిలేస్తే అది స్టార్ల దాకానే అందుతుంది.

కొత్త ఉదాహరణలు ఇంకొంచెం ఆశ పుట్టిస్తాయి. ఇంగ్లండ్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ స్ట్రైకర్ ఐవన్ టోనీ 232 సార్లు బెట్టింగ్ నియమాలు ఉల్లంఘించానని ఒప్పుకుంటే 2023 మేలో ఎనిమిది నెలల నిషేధం పడింది. నిపుణుడు పరీక్షించి జూద వ్యసనం ఉందని తేల్చడంతో అందులో కొన్ని నెలలు తగ్గించాకే అది ఎనిమిదయింది. నిషేధం సగానికి వచ్చాక, సెప్టెంబర్ నుంచి క్లబ్‌తో ప్రాక్టీసు చేయడానికి అనుమతి ఉంది. ఈ చిన్న వెసులుబాటు విలువ ఆటగాళ్లను అడిగితే తెలుస్తుంది. పొద్దున తొమ్మిదింటికి హాజరవ్వాల్సిన చోటు ఒకటి ఉంటే మనిషి రోజు నిలబడుతుంది. 2024 జనవరి 20న నాటింగ్‌హమ్ ఫారెస్ట్ మీద టోనీ తిరిగొచ్చాడు. క్లబ్ అతన్ని కెప్టెన్‌గా దింపింది. ఫ్రీకిక్‌తో గోల్ కొట్టాడు.

ఇదంతా చెప్పుకుని ఒక మాట మింగేస్తే న్యాయం కాదు. అప్పట్లో బ్రెంట్‌ఫర్డ్ జెర్సీ మీద గుండెకాయ దగ్గర ఉన్న పేరు హాలీవుడ్‌బెట్స్ అనే బెట్టింగ్ కంపెనీది. జూద వ్యసనం ఉన్నవాడికి ప్రతి శనివారం జూదం కంపెనీ బోర్డు తగిలించి మైదానంలోకి పంపారు. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025-26 సీజన్ తర్వాత జెర్సీ ముందు భాగం మీద ఇలాంటి ప్రకటనలు ఉండవని ఒప్పుకున్నాయి. చొక్కా చేతుల మీద, బౌండరీ బోర్డుల మీద ఉండవచ్చట! మనమేమీ తక్కువ తినలేదు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చేదాకా భారత జట్టు జెర్సీ మీద ఉన్నది డ్రీమ్11 పేరే.

న్యూకాజిల్ క్లబ్బులో ఇటలీ ఆటగాడు సాండ్రో టొనాలి కథ దీనికన్నా లోతైనది. మిలాన్ నుంచి వచ్చిన మూడు నెలలకే, 2023 అక్టోబర్‌లో, ఇటలీలో చేసిన బెట్టింగ్‌కు పది నెలలు ఆటకు దూరమయ్యాడు. ఇటలీ సంఘం ఆ శిక్షను వేసిన తీరు గమనించదగ్గది. మొత్తం పద్దెనిమిది నెలలు, అందులో ఎనిమిది నెలల ఆట నిషేధం బదులు చికిత్స తీసుకోవాలి, కుర్రాళ్లకు జూదం గురించి చెబుతూ పదహారు చోట్ల మాట్లాడాలి. క్లబ్ అతన్ని ప్రాక్టీసుకు దూరం చేయలేదు. ఆ సమయంలోనే టొనాలి, ఇంగ్లండ్ వచ్చాక కూడా కొన్ని పందేలు కాశానని తనంతట తాను చెప్పాడు. ఎవరూ పట్టుకోలేదు, తనే చెప్పాడు. అందుకే ఇంగ్లండ్ సంఘం రెండు నెలల నిషేధం వేసినా దాన్ని అమలు చేయకుండా ఆపి ఉంచింది. చెప్పుకుంటే కొంప మునగదని తెలిసినప్పుడు మనుషులు చెబుతారు. 2025 మార్చిలో వెంబ్లీలో న్యూకాజిల్ లీగ్ కప్ గెలిచినప్పుడు టొనాలి ఆ జట్టులో ఉన్నాడు.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఆటగాడు తనకు తాను చేసుకున్న నష్టం. ఎదుటి మనిషిని కొట్టినప్పుడు లెక్క మారాలి. 2014లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రే రైస్ హోటల్ లిఫ్టులో, కాబోయే భార్యను స్పృహ తప్పేలా కొట్టాడు. అతని క్లబ్ బాల్టిమోర్ రేవెన్స్ ‘మద్దతు’ అనుకుని చేసిన పని, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ప్రెస్ మీట్ పెట్టడం. ఆ రాత్రి జరిగినదాంట్లో తన పాత్రకు ఆమె చింతిస్తోందని క్లబ్ ట్వీట్ కూడా చేసింది. దెబ్బలు తిన్న మనిషి చేత క్షమాపణ! లీగ్ వేసిన శిక్ష రెండు మ్యాచ్‌లు. సెప్టెంబర్‌లో లిఫ్టు లోపలి వీడియో బయటికి రాగానే అదే క్లబ్ ఆ రోజే అతన్ని తీసేసింది. జరిగింది మారలేదు, జనం చూశారు అంతే. ఆటగాడికి చేసే సాయం బాధితుల ముందు గోడ కాకూడదు. వాళ్లతో మాట్లాడటానికి క్లబ్ తరఫున వేరే మనిషి, వేరే లాయరు ఉండాలి. కేసు పోలీసులదీ కోర్టుదీ అయినప్పుడు క్లబ్ సొంత విచారణతో దాన్ని చల్లార్చకూడదు. ఆటగాడికి చికిత్స నడుస్తూనే ఉండవచ్చు, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు బెన్ స్టోక్స్ విషయంలో దాదాపు ఈ దారిలోనే నడిచింది. 2017 సెప్టెంబర్‌లో బ్రిస్టల్ వీధి గొడవ తర్వాత యాషెస్ పర్యటనకు పంపలేదు. 2018 ఆగస్టులో కోర్టు నిర్దోషి అన్నాకే సొంత క్రమశిక్షణ విచారణ జరిపింది. 2021లో మనసు బాగాలేదని అతను నిరవధిక విరామం అడిగితే, ఎప్పుడొస్తావని ఒత్తిడి చేయలేదు.

మన దగ్గర చిక్కు ఇంకోలా ఉంటుంది. ఒక క్రికెటర్‌కు రాష్ట్ర సంఘం, ఐపీఎల్ ఫ్రాంచైజీ, బీసీసీఐ ముగ్గురూ యజమానులే. రెండు నెలలు ఒకరి చేతిలో, నాలుగు నెలలు ఇంకొకరి చేతిలో. సైమండ్స్ కూడా ఇలాగే, చార్జర్స్ డ్రెస్సింగ్ రూమ్‌లో కప్పు ఎత్తిన సంబరం మధ్య నుంచి నేరుగా తనకు షరతులు పెట్టిన జాతీయ జట్టులోకి వెళ్లాడు. ఉమ్మడి కుటుంబంలో పిల్లాడి హోంవర్క్ లాంటిదిది, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. పైగా భారత క్రికెటర్ల సంఘం 2019లో ఏర్పడినా అది మాజీలకే. ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు బోర్డుతో సంబంధం లేకుండా ఫోన్ చేసుకునే సంఘమే లేదు.

2019 జనవరిలో టీవీ షోలో ఆడవాళ్ల గురించి చవకబారుగా మాట్లాడినందుకు హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్‌లను ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించారు. రెండు వారాలకు సస్పెన్షన్ ఎత్తేశారు. ఏప్రిల్‌లో, ఫిర్యాదులు విచారించే బీసీసీఐ అంబుడ్స్‌మన్ డీకే జైన్ ఒక్కొక్కరికి 20 లక్షల జరిమానా వేసి, సగం అమర జవాన్ల కుటుంబాలకు, సగం అంధుల క్రికెట్‌కు ఇమ్మన్నారు. మంచి పనులే. కాకపోతే తప్పు ఆడవాళ్ల విషయంలో, జరిమానా ఇంకెక్కడికో. అందులో నిజంగా పనికొచ్చిందని చెప్పగలిగింది ఆ శిక్షల జాబితాలో లేని పని. రాహుల్‌ను ఇండియా-ఎ జట్టులోకి పంపారు, అక్కడ కోచ్ రాహుల్ ద్రవిడ్. ఆ రోజులు తనకు సాయపడ్డాయని రాహుల్ తర్వాత చెప్పాడు.

పృథ్వీ షాకు అలాంటి ఆసరా దొరికినట్టు లేదు. 2018 అక్టోబర్‌లో 18 ఏళ్ల వయసులో తొలి టెస్టులోనే 134 కొట్టాడు. మరుసటి ఏడాది దగ్గు మందులో ఉండే పదార్థం వల్ల ఎనిమిది నెలల డోపింగ్ నిషేధం. 2024 అక్టోబర్‌లో ముంబయి రంజీ జట్టులోంచి తీసేశారు. నవంబర్ వేలంలో 75 లక్షల కనీస ధరకు కూడా ఎవరూ కొనలేదు. ఆ డిసెంబర్‌లో, పేరు చెప్పడానికి ఇష్టపడని ముంబయి సంఘం అధికారి ఒకరు అతని ఫిట్‌నెస్ గురించీ రాత్రి అలవాట్ల గురించీ పత్రికలకు పూసగుచ్చినట్టు చెప్పారు. తీసేయడంలో తప్పులేదు, ఫిట్‌నెస్ లేనివాణ్ని ఏ జట్టూ ఆడించదు. కానీ ఆ సంఘంలో ఇంకో పద్దెనిమిదేళ్ల కుర్రాడు అది చదివి ఉంటాడు. తనకు నిద్రపట్టని రాత్రుల సంగతి ఇక ఆ ఆఫీసులో ఎవరికి చెబుతాడు?

ఈ పద్ధతి స్టార్లతో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. హకీంపేట క్రీడా పాఠశాల లాంటి హాస్టళ్లకు పిల్లలు చిన్న వయసులోనే అమ్మానాన్నలను వదిలి వస్తారు. హాస్టల్లో గొడవ పడ్డాడంటే మనకు తెలిసిన చికిత్సలు రెండు: గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, లేదంటే నాన్నను పిలిపించి బ్యాగు సర్దించడం. పది రౌండ్లు కొట్టించే కోచ్ సార్‌కే పిల్లాడు తన భయం చెప్పుకోవాలి, జట్టులోకి ఎంపిక చేసేదీ ఆయనే. దీనికి కోట్లు అక్కర్లేదు. సెలక్షన్‌తో సంబంధం లేని ఒక కౌన్సెలర్ వారానికి ఒక రోజు వస్తే చాలు. సస్పెండ్ చేసిన పిల్లాణ్ని ఇంటికి తోలేసే బదులు మ్యాచ్‌లు ఆపి, ప్రాక్టీసు ఉంచి, చిన్న తరగతి పిల్లలకు డ్రిల్స్ చేయించే పని అప్పగించవచ్చు. కాంటోనా చేసింది అదేగా.

ఏ స్థాయిలోనైనా ఒక గీత మాత్రం ఉండాలి. సాయం తీసుకోనని మొండికేసినవాణ్ని, తోటివాళ్లకు ప్రమాదంగా మారినవాణ్ని క్లబ్ వదులుకోక తప్పదు. అప్పుడు కూడా జీతం ఆగిన రోజే చికిత్స ఆపేయకూడదు. కొన్ని నెలలు డాక్టరు ఫీజు కట్టడం క్లబ్బుకు పెద్ద లెక్క కాదు, ఒక బెంచ్ ఆటగాడి వారం జీతంతో అయిపోయే పని.

సైమండ్స్ 2012లో రిటైరయ్యాడు, 2022 మేలో టౌన్స్‌విల్ దగ్గర కారు ప్రమాదంలో 46 ఏళ్లకే పోయాడు. చనిపోవడానికి కొన్నేళ్ల ముందు ఒక సంగతి చెప్పాడు. 2011లో ముంబయి ఇండియన్స్ అతన్ని వేలంలో కొంది. అదే జట్టులో హర్భజన్ ఉన్నాడు. ఒక విందులో హర్భజన్ తనను పక్కకు పిలిచి, సిడ్నీలో జరిగినదానికి క్షమించమని ఏడ్చాడని సైమండ్స్ మాట. తాను ఏడ్చానన్నది ఎప్పుడు జరిగిందని హర్భజన్ ట్విట్టర్‌లో కొట్టిపారేశాడు. ఆ రాత్రి ఏం జరిగిందో వాళ్లిద్దరికే తెలియాలి. విచారణలు, అప్పీళ్లు, రెండు బోర్డుల లాయర్లు ఉన్న 2008లో మాత్రం ఆ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించే పని ఎవరి వల్లా కాలేదు. మూడేళ్ల తర్వాత అది ఒక వేలంపాట వల్ల, అనుకోకుండా జరిగింది.